స్మార్ట్ మీటరు సమాచారం: విద్యుత్ పంపిణీ నిర్వహణ

స్మార్ట్ మీటర్లు పావుగంటకో అరగంటకో ఒకసారి యూనిట్లు, వోల్టేజి, కరెంటు, పవర్ ఫ్యాక్టర్ వంటి కొలతలు నమోదు చేస్తాయి. ఈ కొలతలను బిల్లు వేయడంతో సరిపెట్టకుండా ట్రాన్స్‌ఫార్మర్లు, ఫీడర్లు, సబ్‌స్టేషన్ల నిర్వహణకు, కరెంటు కొనుగోలుకు, నష్టాల లెక్కకు వాడుకునే పద్ధతులన్నీ ఈ శీర్షిక కిందికి వస్తాయి. మీటరు బిగించడం వేరు, దాని సమాచారాన్ని వాడుకోవడం వేరు. మన దేశంలో మొదటి పని జోరుగా సాగుతోంది, రెండోది ఇంకా తప్పటడుగుల్లోనే ఉంది.

విద్యుత్ వ్యవస్థలో మొదటినుంచీ ఒక వింత ఉంది. పైకి పోయేకొద్దీ అన్నీ కనిపిస్తాయి, కిందికి దిగేకొద్దీ ఏమీ కనిపించదు. 400 కేవీ, 220 కేవీ లైన్లలో ఏ క్షణాన ఎంత కరెంటు పారుతోందో లోడ్ డిస్పాచ్ సెంటర్ తెర మీద చూడవచ్చు. 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు గంటగంటకూ లాగ్‌బుక్ రాస్తాడు. 11 కేవీ ఫీడరు ఊళ్లోకి వెళ్లి, వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాటి, స్తంభాల మీదుగా ఇళ్లలోకి పోయాక ఏం జరుగుతోందో ఎవరికీ తెలిసేది కాదు. లోడు మించిపోయిందన్న సంగతి ఫ్యూజు ఎగిరిపోతేనో, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతేనో, జనం సబ్‌స్టేషన్ ముందు చేరితేనో బయటపడేది. స్మార్ట్ మీటరు సమాచారం పనికొచ్చేది ముఖ్యంగా ఈ కింది భాగంలోనే.

చరిత్ర

1880ల చివర్లో హంగరీ ఇంజనీరు ఒట్టో బ్లాథీ వంటివారు రూపొందించిన ఇండక్షన్ మీటరు నూరేళ్లకు పైగా ప్రపంచాన్ని ఏలింది. గుండ్రటి అల్యూమినియం బిళ్ల తిరుగుతుంది, అంకెలు మారతాయి, నెలకోసారి ఎవరో వచ్చి చూసి రాసుకుంటారు. నెల మొత్తానికి దొరికేది ఒక్క అంకె. తెలుగు రాష్ట్రాల్లో స్పాట్ బిల్లింగ్ వచ్చాక బిల్లు ఇంటి ముందే చేతికొచ్చింది గానీ, ఆ ఒక్క అంకె ఒక్కటిగానే ఉంది. 200 యూనిట్లు వాడిన ఇల్లు వాటిని నెలంతా నిదానంగా వాడిందో, రోజూ సాయంత్రం రెండు గంటల్లోనే లాగేసిందో ఆ అంకె చెప్పదు. లైన్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు కావలసింది సరిగ్గా ఆ తేడాయే.

భారీ ఎత్తున మీటర్లను దూరం నుంచి చదివిన తొలి దేశం ఇటలీ. ఎనెల్ సంస్థ 2001లో ‘టెలిజెస్టోరె’ పథకం మొదలుపెట్టి అయిదారేళ్లలో మూడు కోట్ల ఇళ్లకు పైగా మీటర్లు మార్చింది. కరెంటు తీగల మీదుగానే సమాచారం పంపించింది. స్వీడన్ 2009 నాటికి దాదాపు ఇళ్లన్నిటికీ దూరం నుంచి చదవగల మీటర్లు బిగించింది. నెలనెలా అసలు రీడింగుతోనే బిల్లు ఇవ్వాలన్న చట్టం అక్కడ తొందర పెట్టింది.

భారతదేశంలో 2010లో స్మార్ట్ గ్రిడ్ టాస్క్‌ఫోర్స్ ఏర్పడింది. ఆ తరువాత దేశంలో స్మార్ట్ గ్రిడ్‌ను ప్రయోగాత్మకంగా చేపట్టిన చోట్లలో హైదరాబాదు శివారు జీడిమెట్ల పారిశ్రామిక ప్రాంతం ఒకటి. 2015లో నేషనల్ స్మార్ట్ గ్రిడ్ మిషన్ వచ్చింది. అదే ఏడాది స్మార్ట్ మీటరుకు ఐఎస్ 16444 అనే భారతీయ ప్రమాణం తయారైంది. మీటరు ఏ భాషలో మాట్లాడాలో ఐఎస్ 15959 చెబుతుంది. ఒక కంపెనీ మీటరును మరో కంపెనీ సాఫ్ట్‌వేర్ చదవగలగడానికి ఆధారం ఇదే. 2021లో కేంద్రం సుమారు రూ. 3.03 లక్షల కోట్ల అంచనాతో పంపిణీ రంగ పునరుద్ధరణ పథకాన్ని, అంటే ఆర్డీఎస్ఎస్‌ను ఆమోదించింది. 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు, నష్టాలను 12 నుంచి 15 శాతానికి దించడం దాని లక్ష్యాలు. 2025 మార్చి నాటికి పూర్తి కావలసిన మీటర్ల పని కాలేదు. గడువు పొడిగించారు.

మీటరు నుంచి తెర దాకా

స్మార్ట్ మీటరు నాలుగు రకాల సంగతులు చెబుతుంది. మొదటిది లోడ్ సర్వే: ప్రతి అరగంటకో పావుగంటకో వాడిన యూనిట్లు, ఆ వ్యవధిలో సగటు వోల్టేజి. రెండోది అర్ధరాత్రి రీడింగు. మూడోది అడిగినప్పుడు చెప్పే తక్షణ కొలతలు. నాలుగోది సంఘటనలు: కరెంటు పోవడం, రావడం, మూత తెరవడం, అయస్కాంతం పెట్టడం, న్యూట్రల్ తీసేయడం వంటివి, జరిగిన సమయంతో సహా.

ఇవన్నీ సిమ్‌కార్డు ద్వారా సెల్ టవరుకు పోతాయి. లేదా ఇరుగుపొరుగు మీటర్లే ఒకదానికొకటి అందించుకుంటూ దగ్గరలోని ఒక పెట్టెకు చేరుస్తాయి. మన దేశంలో ఈ రెండో పద్ధతికి 865 మెగాహెర్ట్జ్ దగ్గరి లైసెన్సు అక్కర్లేని రేడియో తరంగాలను వాడతారు. అక్కణ్ణుంచి హెడ్ ఎండ్ సిస్టం అనే సర్వరుకు, దాన్నుంచి మీటర్ డేటా మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేరుకు పోతాయి. రాని రీడింగులను గుర్తించడం, తప్పుగా కనిపించేవాటిని పక్కన పెట్టడం, ఖాళీలను అంచనాతో నింపడం ఈ చివరి దాని పని. అంచనాతో నింపిన అంకెకూ నిజంగా వచ్చిన అంకెకూ తేడా తెలిసేలా గుర్తు పెట్టకపోతే తరువాతి లెక్కలన్నీ చెడతాయి.

పరిమాణం చిన్నది కాదు. అరగంటకోసారి అంటే మీటరుకు రోజుకు 48 రీడింగులు. 25 కోట్ల మీటర్లకు రోజుకు 1,200 కోట్లు. పావుగంటకైతే ఇది రెట్టింపు. అయితే అసలు చిక్కు పరిమాణం దగ్గర కాదు, గడియారం దగ్గర వస్తుంది. ఒక మీటరు గడియారం పది నిమిషాలు వెనకబడిందనుకుందాం. దాని బిల్లులో పెద్దగా తేడా రాదు. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మీటర్లన్నిటినీ అరగంట అరగంటకూ కూడినప్పుడు మాత్రం మొత్తం తప్పుతుంది. అందుకే సర్వరు మీటర్ల గడియారాలను అప్పుడప్పుడూ సరిచేస్తూ ఉంటుంది.

ఏ ఇల్లు ఏ స్తంభానికి

కరెంటు పంపిణీ సంస్థకు, అంటే డిస్కంకు, ప్రతి సర్వీసు నంబరు తెలుసు, ప్రతి ఇంటి చిరునామా తెలుసు. ఆ ఇల్లు ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద, ఏ ఫేజు మీద ఉందన్నది చాలాచోట్ల కాగితం మీద ఒకటి, స్తంభం మీద మరొకటి. కారణం ఎవరి నిర్లక్ష్యమూ కాదు, రోజువారీ పని తీరే అలాంటిది. ఎండాకాలం రాత్రి ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువైతే లైన్‌మన్ లైను ఆపేందుకు అనుమతి (ఎల్సీ) తీసుకుని స్తంభమెక్కి, నాలుగు ఇళ్ల తీగలను పక్క ఫేజుకు మారుస్తాడు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వస్తే సగం వీధి దాని మీదికి పోతుంది. జనానికి కరెంటు వచ్చింది, పని అయిపోయింది. కంప్యూటర్‌లో ఆ మార్పు ఎక్కదు.

ఈ జత కుదరకుండా స్మార్ట్ మీటరు సమాచారంతో చేయదలచిన పనుల్లో సగం జరగవు. నా లెక్కన ఈ రంగంలో అన్నిటికన్నా ముందు చేయవలసిన, అన్నిటికన్నా తక్కువ మాట్లాడుకునే పని ఇదే. డిస్కంలలో దీన్ని కన్స్యూమర్ ఇండెక్సింగ్ అంటారు. మనుషులు వీధివీధీ తిరిగి తీగ పట్టుకుని చూసి రాసుకోవాలి. రాసుకున్నది ఏడాదికల్లా పాతబడుతుంది.

ఆ తప్పును దిద్దే దారి కూడా మీటర్లే చూపిస్తాయి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒకే ఫేజు మీద ఉన్న ఇళ్ల వోల్టేజీలు కలిసి లేస్తాయి, కలిసి పడతాయి. ఆ ఫేజు మీద ఎవరో వెల్డింగ్ మెషీన్ వేస్తే అందరి వోల్టేజీ ఒకేసారి కుంగుతుంది, వేరే ఫేజు ఇళ్లలో ఆ కుంగుబాటు అదే తీరులో కనిపించదు. కొన్ని వారాల వోల్టేజి కొలతలను పక్కపక్కన పెట్టి ఎవరి రేఖ ఎవరి రేఖతో నడుస్తోందో చూస్తే, కంప్యూటరే ఇళ్లను గుంపులుగా విడగొడుతుంది. రికార్డులో గాంధీబొమ్మ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఇంటి వోల్టేజి రోజూ రామాలయం ట్రాన్స్‌ఫార్మర్ ఇళ్లతో కలిసి ఊగుతుంటే, రికార్డును అనుమానించాలి. ఒక మనిషి వెళ్లి ఆ ఒక్క స్తంభం చూసి వస్తే చాలు.

వీధి ట్రాన్స్‌ఫార్మర్

ఒక 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 433 వోల్టుల వైపు దాని పూర్తి సామర్థ్యం ఒక్కో ఫేజుకు సుమారు 133 ఆంపియర్లు. మే నెల రాత్రి పదిన్నరకు ఏసీలన్నీ నడుస్తున్నాయి. ఆర్ ఫేజులో 165, వై ఫేజులో 95, బి ఫేజులో 80 ఆంపియర్లు పోతున్నాయనుకుందాం. మూడూ కూడి సగటు చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ 85 శాతం దగ్గరే ఉంది, దిగులు పడనక్కర్లేదు. కానీ ఆర్ ఫేజు చుట్టు మీద 24 శాతం అదనపు లోడు ఉంది. వేడెక్కేది ఆ చుట్టే, ఇన్సులేషన్ ముందు చెడేది అక్కడే. మొదటి ఫ్యూజు పోయేదీ అక్కడే. ఆర్ ఫేజు మీద ఉన్నవాళ్లు లైన్‌మన్‌ను తిట్టుకుంటారు, ఎదురింటి బి ఫేజువాళ్లకు అసలు సమస్యే తెలియదు.

నెలవారీ రీడింగులతో దీన్ని పట్టుకోలేం. పాత అలవాటు ప్రకారం ఫిర్యాదులు పెరిగితే 160 కేవీఏ కావాలని అంచనా వేసి పంపుతారు. అరగంట కొలతలు చేతిలో ఉంటే ఏ ఆరేడు ఇళ్లను ఆర్ నుంచి బి ఫేజుకు మార్చాలో ముందే తెలుస్తుంది. అయితే ఎవరిని మార్చాలన్నది నెలకు ఎక్కువ యూనిట్లు వాడేవారిని చూసి నిర్ణయిస్తే పప్పులో కాలేసినట్టే. పగలంతా నడిచే పిండిమరకు యూనిట్లు ఎక్కువ పడతాయి కానీ రాత్రి పదిన్నరకు అది మూసి ఉంటుంది. రాత్రి శిఖరానికి ఎవరు తోడవుతున్నారో వారినే మార్చాలి. ఖర్చు ఒక నిచ్చెన, ఒక పూట పని.

ఫేజులు సమం చేస్తే ఇంకో మేలు జరుగుతుంది. తీగలో నష్టం కరెంటు వర్గంతో పెరుగుతుంది: కరెంటు రెట్టింపైతే నష్టం నాలుగింతలు. మూడు ఫేజులూ సమంగా ఉంటే న్యూట్రల్ తీగలో దాదాపు ఏమీ పోదు, సమంగా లేకపోతే ఆ తీగ కూడా వేడెక్కుతుంది. న్యూట్రల్ తెగితే ఏమవుతుందో తెలుగు ఊళ్లలో చాలామందికి అనుభవమే: ఒక ఇంట్లో బల్బు మిణుకుమంటుంది, పక్కింట్లో టీవీ కాలిపోతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద కొన్ని మీటర్లలో వోల్టేజి 290కి ఎగసి, అదే నిమిషంలో మరికొన్నిట్లో 160కి పడిందంటే దాదాపు ఖాయంగా న్యూట్రల్ సంగతే. ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూసే ఏర్పాటుంటే టీవీలు కాలకముందే ఫ్యూజు తీయించవచ్చు.

లో వోల్టేజి విషయం కొంచెం నెమ్మదైనది. లైను చివరి ఇంటి దగ్గర వోల్టేజి పరిమితి కన్నా దిగువకు రోజుకు ఎన్ని అరగంటలు పడుతోందో లెక్కపెడితే, తీగ మార్చాలా, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరగా పెట్టాలా, లేక ఉన్నదాని ట్యాప్ ఒక మెట్టు మార్చితే సరిపోతుందా అన్నది తేలుతుంది. విదేశాల్లో కొన్ని సంస్థలు దీన్ని తిరగేసి వాడుతున్నాయి. చివరి ఇంట్లో కూడా వోల్టేజి తగినంత ఉందని మీటర్లు చెబుతున్నంతసేపూ సబ్‌స్టేషన్ దగ్గర వోల్టేజిని కొద్దిగా తగ్గించి యూనిట్లు మిగుల్చుకుంటున్నాయి. లో వోల్టేజితో మోటార్లు కాలే చోట మనకు ఆ భోగం ఇప్పట్లో లేదు.

నష్టాల లెక్క

డిస్కం పంపిన కరెంటుకూ డబ్బు వసూలైన కరెంటుకూ మధ్య తేడాను ఏటీ అండ్ సీ నష్టాలు అంటారు. దేశం మొత్తం మీద ఇవి 2020-21లో 22 శాతం దాటాయి, తరువాతి ఏళ్లలో 16 శాతం చుట్టుపక్కలకు దిగాయి. ఈ అంకెలో తీగల వేడి, దొంగతనం, మీటర్ల తప్పు, బకాయిలు అన్నీ కలగాపులగంగా ఉంటాయి. దేన్ని ఎక్కడ పట్టుకోవాలో అది చెప్పదు.

ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక మీటరు, దాని కింద ప్రతి ఇంటికీ ఒక మీటరు ఉంటే లెక్క వీధి స్థాయికి దిగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీటరు రోజుకు 420 యూనిట్లు చూపించింది, ఇళ్ల మొత్తం 357 అయింది. తేడా 63, అంటే 15 శాతం. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. నేర్పు ఉన్నది ఆ తేడా ఎప్పుడు వస్తోందో చూడటంలో. లోడు పెరిగినప్పుడల్లా తేడా అంతకన్నా వేగంగా పెరిగి, లోడు తగ్గితే తగ్గిపోతే అది తీగల నష్టం, సన్నని తీగో వదులు జాయింటో కారణం కావచ్చు. సాయంత్రం ఆరింటికి మొదలై తెల్లవారుజామున ఠంచనుగా మాయమవుతుంటే ఎవరో కొక్కేలు తగిలిస్తూ ఉండవచ్చు, లేదా అవి మీటరు లేని వీధిదీపాలు కావచ్చు. రాత్రీ పగలూ ఒకే మొత్తం తేడా ఉంటే ఎప్పుడూ నడిచే మీటరు లేని సర్వీసు ఏదైనా ఉందేమో చూసుకోవాలి. ఇక ఇళ్ల మొత్తమే ట్రాన్స్‌ఫార్మర్ మీటరు కన్నా ఎక్కువ వస్తే దొంగ ఎవరూ లేరు, ఇళ్ల జాబితా తప్పు. ఈ చివరిది అనుకున్నదానికన్నా తరచుగా ఎదురవుతుంది. జాబితా దిద్దకుండా విజిలెన్సువారిని పంపితే అమాయకుల ఇళ్ల మీద పడతారు.

డిస్కంలు ఏటా ఎనర్జీ ఆడిట్ చేయించుకోవాలని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2021లో నిబంధనలు తెచ్చింది. ఆ ఆడిట్ నాణ్యత పూర్తిగా ఫీడరు, ట్రాన్స్‌ఫార్మర్ మీటర్ల మీదే ఆధారపడి ఉంటుంది. ఇళ్ల మీటర్ల వెంట పడ్డంత ఉత్సాహంగా ట్రాన్స్‌ఫార్మర్ మీటర్ల వెంట పడకపోవడం ఈ పథకాల బలహీనత.

కరెంటు పోయినప్పుడు

సరఫరా ఆగిన క్షణాన మీటరులోని చిన్న కెపాసిటర్‌లో మిగిలిన శక్తితో అది ఒక చివరి కబురు పంపుతుంది. ఇంజనీర్లు దీన్ని ‘లాస్ట్ గ్యాస్ప్’ అంటారు, కరెంటు తిరిగొచ్చినప్పుడు పంపేదాన్ని ‘ఫస్ట్ బ్రెత్’ అంటారు. ఒక ఇంటి నుంచే కబురొస్తే సర్వీసు తీగో ఫ్యూజో పోయింది. ఒక ఫేజు ఇళ్లన్నిటి నుంచి వస్తే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయింది. నాలుగు ట్రాన్స్‌ఫార్మర్ల ఇళ్ల నుంచి ఒకేసారి వస్తే 11 కేవీ లైనులో లోపం, ఆ నాలుగింటికీ ముందున్న ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్ దగ్గర వెతకాలి. ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్లు రాకముందే లైన్‌మన్‌కు దారి తెలుస్తుంది. గాలివాన తరువాత ఇంకా ఉపయోగం: ఫీడరు ఎక్కించాక ఏ మీటర్లు బదులు పలకలేదో చూస్తే, పెద్ద లోపం కింద దాగిన చిన్న లోపాలు బయటపడతాయి. అమెరికాలోని చట్టనూగా వంటి ఊళ్లలో వాటంతట అవే పనిచేసే స్విచ్‌లతో దీన్ని జోడించారు. తుపాను టవర్లనే పడగొట్టినప్పుడు మాత్రం కబురు మోసే సెల్ నెట్‌వర్కు కూడా పోతుందని గుర్తుంచుకోవాలి.

రేపటి లోడు

మన దేశంలో కరెంటు లెక్క పదిహేను నిమిషాల బ్లాకుల్లో నడుస్తుంది, రోజుకు 96. డిస్కం రేపటి ప్రతి బ్లాకులో ఎంత తీసుకుంటుందో ముందురోజే చెప్పాలి. చెప్పినదానికీ తీసుకున్నదానికీ తేడా వస్తే డీవియేషన్ సెటిల్‌మెంట్ కింద చెల్లింపులు ఉంటాయి. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య నిలవడానికి ఈ క్రమశిక్షణే ఆధారం. 2012 జులై 30, 31 తేదీల్లో గ్రిడ్ కుప్పకూలినప్పుడు అదనంగా లాగుతున్న రాష్ట్రాల మీద జరిగిన చర్చ ఈ సందర్భంలోనే గుర్తుకొస్తుంది.

2024 మే 30న దేశంలో గరిష్ఠ డిమాండ్ 2.5 లక్షల మెగావాట్లకు చేరింది. అలాంటి రోజుల్లో విద్యుత్ ఎక్స్ఛేంజిలో యూనిట్ ధర పరిమితి అయిన పది రూపాయలను తాకడం మామూలే. అంచనా కొద్దిగా మెరుగుపడినా కొనుగోలు ఖర్చులో అది కనిపిస్తుంది. ఫీడర్ల మొత్తం చూసి అంచనా వేయడం ఎప్పటినుంచో ఉంది. మీటర్ల సమాచారం కొత్తగా ఇచ్చేది కారణం. ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పెరిగితే ఇళ్ల లోడు ఎంత పెరుగుతుంది, దుకాణాలది ఎంత, సంక్రాంతి మూడు రోజులూ హైదరాబాదులో తగ్గి కోస్తా పల్లెల్లో ఎక్కడ పెరుగుతుంది వంటి ప్రశ్నలకు విడివిడిగా జవాబులు దొరుకుతాయి. రాష్ట్రం మొత్తానికి అంచనా వేయాలంటే అన్ని మీటర్లూ అక్కర్లేదు, బాగా ఎంచుకున్న కొన్ని వేలు చాలు. ట్రాన్స్‌ఫార్మర్ స్థాయికి వచ్చేసరికి ఒక్క మీటరు పోయినా లెక్క చెడుతుంది.

వేళను బట్టి రేటు

విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2023లో చేసిన సవరణ ప్రకారం 10 కిలోవాట్లకు మించిన వాణిజ్య, పారిశ్రామిక సర్వీసులకు 2024 ఏప్రిల్ నుంచి, వ్యవసాయం తప్ప మిగతావారికి 2025 ఏప్రిల్ నుంచి టైమ్ ఆఫ్ డే రేట్లు రావాలి. ఎండ ఉన్న వేళల్లో రేటు మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. పీక్ వేళల్లో వాణిజ్య, పారిశ్రామిక సర్వీసులకు కనీసం 1.2 రెట్లు, ఇతరులకు 1.1 రెట్లు ఉండాలి. అమలు రాష్ట్ర నియంత్రణ మండళ్ల చేతిలో ఉంది.

స్మార్ట్ మీటరు లేకుండా ఇది జరగదు. మీటరు ఉన్నంత మాత్రాన జనం పనివేళలు మార్చుకుంటారనీ లేదు. మోటారుతో నీళ్లు ఎక్కించుకోవడం, గీజరు, వాషింగ్ మెషీన్, స్కూటరు ఛార్జింగ్ మధ్యాహ్నానికి జరపవచ్చు. ఉక్కపోసే రాత్రి ఏసీని ఎవరూ మధ్యాహ్నానికి జరపలేరు.

మేడ మీద సోలార్

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్ల మీద సోలార్ పలకలను లక్ష్యంగా పెట్టుకుంది. ఒకే వీధిలో పది మేడల మీద పలకలు వస్తే, మధ్యాహ్నం ఆ వీధి వాడకం తక్కువై కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఎదురు పారుతుంది. లైను చివర వోల్టేజి పెరుగుతుంది, పరిమితి దాటితే ఇన్వర్టర్లు వాటంతట అవే ఆగిపోతాయి. పలకలు పెట్టించుకున్నాయన ఎండ మండుతుంటే ఉత్పత్తి ఎందుకు ఆగిందో తెలియక కంపెనీకి ఫోన్ చేస్తాడు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇంకెంత సోలార్‌ను తట్టుకుంటుందన్న ప్రశ్నకు ఇప్పుడు సామర్థ్యంలో ఇంత శాతమని మోటుగా హద్దు పెడుతున్నారు. అరగంట వోల్టేజి కొలతలుంటే ఆ హద్దును ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్‌కు విడిగా నిర్ణయించవచ్చు.

బోర్ల కింద కరెంటు

తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయం మాట్లాడితే చివరికి బోరు మోటారు దగ్గరికే వస్తుంది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో పగలు తొమ్మిది గంటలు, తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటలు అన్న విధానాలు తరువాత వచ్చాయి. పంపుసెట్లలో చాలావాటికి మీటర్లు లేవు. అవి ఎంత వాడాయన్నది ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన పద్ధతిలో, కొన్ని నమూనా ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, దాన్ని మొత్తానికి హెచ్చవేసి అంచనా కడతారు. ప్రభుత్వం డిస్కంలకిచ్చే సబ్సిడీకి ఆధారం ఆ అంచనాయే. అంచనాలో కొద్దిపాటి హెచ్చుతగ్గు వచ్చినా ఎక్కడో జరిగిన నష్టం వ్యవసాయ ఖాతాలో చేరిపోవచ్చు, లేదా రైతు నిజంగా వాడుకున్నది నష్టంగా కనిపించవచ్చు.

ఆంధ్రప్రదేశ్ 2020లో ఉచిత విద్యుత్ సబ్సిడీని రైతు ఖాతాలో వేసి అక్కణ్ణుంచి డిస్కంకు చెల్లించే పద్ధతి ప్రకటించి, శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగాత్మకంగా మోటార్లకు మీటర్లు పెట్టింది. తెలంగాణ ప్రభుత్వం అప్పట్లో మోటార్లకు మీటర్లు పెట్టేదే లేదని పంతం పట్టింది. సంస్కరణలు అమలు చేసే రాష్ట్రాలకు కేంద్రం అదనపు అప్పు తెచ్చుకునే వెసులుబాటు ఇచ్చిన రోజులవి. రైతుల భయం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఇవాళ మీటరు వచ్చింది, రేపు బిల్లు రాదని ఎవరి హామీ? 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు ఛార్జీల మీద ఆందోళన చేస్తున్నవారిపై కాల్పులు జరిగిన నేల ఇది.

నిర్వహణ కోణంలో చూస్తే మాత్రం ప్రతి మోటారుకూ మీటరు అవసరం లేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. వ్యవసాయ ఫీడర్లు వేరుచేసిన చోట ఫీడరుకు, ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్‌కు మంచి మీటరు పెడితే ఎంత కరెంటు పొలాలకు పోయిందో రైతు గట్టు తొక్కకుండానే తెలుస్తుంది. ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద అనధికార మోటార్లు పెరిగాయో, ఏది కాలిపోబోతోందో చెప్పడానికి అది చాలు. ఆర్డీఎస్ఎస్ కూడా ప్రీపెయిడ్ మీటర్ల నుంచి వ్యవసాయాన్ని మినహాయించింది.

గోప్యత, భద్రత

మొత్తం వాడకాన్ని చూసి ఏ పరికరం ఎప్పుడు నడిచిందో విడదీయవచ్చని అమెరికాలోని ఎంఐటీలో జార్జ్ హార్ట్ 1980లలోనే చూపించాడు. అరగంట కొలతల్లో మిక్సీ కనబడదు గానీ, ఇంట్లో మనుషులున్నారా లేదా, ఎన్నింటికి నిద్రలేస్తారు అన్నది తేలిపోతుంది. నెదర్లాండ్స్ ఎగువసభ 2009లో స్మార్ట్ మీటర్లను తప్పనిసరి చేసే బిల్లును ఈ కారణంగానే వెనక్కి పంపింది. అమెరికాలో నేపర్‌విల్ నగరం కేసులో 2018లో ఒక అప్పీలు కోర్టు, పావుగంట కొలతల సేకరణ రాజ్యాంగం చెప్పే ‘సోదా’ కిందికే వస్తుందని, అయితే ఆ సందర్భంలో అది సమంజసమేనని తీర్పిచ్చింది. మన దేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది. గ్రిడ్ పనుల్లో చాలావాటికి ఇంటి యజమాని పేరు అక్కర్లేదు, ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం సరిపోతుంది. పేర్లను విడిగా దాచడం కష్టమైన పనేమీ కాదు.

రెండో ప్రమాదం మీటరులోని స్విచ్. దూరం నుంచి కరెంటు కట్ చేయగల సౌకర్యం ప్రీపెయిడ్ పద్ధతికి అవసరం. 2020 ఆగస్టులో జన్మాష్టమి రోజున ఉత్తరప్రదేశ్‌లో సర్వరు నుంచి వెళ్లిన తప్పుడు ఆదేశంతో లక్షకు పైగా స్మార్ట్ మీటర్ల ఇళ్లు ఒక్కసారిగా చీకటైపోయాయి. అంత లోడు ఒకేసారి పడిపోయినా, ఒకేసారి తిరిగి ఎక్కినా లైన్లకూ దెబ్బే. ఒక ఆదేశంతో ఎన్ని మీటర్లు ఆపవచ్చన్నదానికి గట్టి పరిమితి ఉండాలని ఆ సంఘటన నేర్పింది.

బిల్లుల మీద అనుమానం వీటికి తోడైంది. 2024 మేలో వడోదరలో ఆందోళనలు జరిగాక, నమ్మకం కలిగించడానికి పాత మీటరును పక్కనే ఉంచి పోల్చి చూపే ఏర్పాటు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో వామపక్షాలు స్మార్ట్ మీటర్లకు వ్యతిరేకంగా ఆందోళనకు దిగాయి.

వినియోగదారుకు

రోజుకు కనీసం ఒక్కసారి మీటరును దూరం నుంచి చదవాలనీ, ఆ సమాచారం వినియోగదారుకు అందుబాటులో ఉంచాలనీ వినియోగదారుల హక్కుల నిబంధనల 2023 సవరణ చెబుతోంది. స్మార్ట్ మీటరు పెట్టకముందు కాలానికి గరిష్ఠ డిమాండ్ పేరుతో జరిమానా వేయకూడదు. ఏడాదిలో కనీసం మూడుసార్లు మంజూరైన లోడు దాటితేనే లోడు పెంచాలి. మీటరు మీద బటన్ నొక్కుతూ పోతే ‘ఎండీ’ అన్న అంకె వస్తుంది, అది ఆ నెల మీ గరిష్ఠ డిమాండ్. దాన్ని బిల్లులో మంజూరైన లోడు పక్కన పెట్టి చూసుకోండి. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీదో స్తంభం మీదో పెయింటుతో రాసిన నంబరొకటి ఉంటుంది. కరెంటు పోయి 1912కు ఫోన్ చేసినప్పుడు సర్వీసు నంబరుతో పాటు ఆ నంబరు కూడా చెప్పండి. రెండూ రికార్డులో కలవకపోతే అక్కడికక్కడే నమోదు చేయమని అడగండి.